సైటు ఇద్దరికీ ఉంది, వ్యాయామం ఒకరికే పని చేసింది: బెంగళూరు నుంచి ఒక కేస్ స్టడీ

వీళ్లిద్దరూ మారతహళ్లిలో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్న పెదనాన్న, చిన్నాన్న పిల్లలు. ఊరు అనంతపురం దగ్గర. అన్నకు 24 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. చెల్లెలికి 20, బీకాం మూడో సంవత్సరం. ఇద్దరికీ మైనస్ పవర్ కళ్లజోళ్లున్నాయి. రెండు నెలల కిందట ఇద్దరూ వాటిని డ్రాయర్‌లో పెట్టేసి, వీడియోలు చూస్తూ రోజూ అరచేతులతో కళ్లు మూసుకోవడం, కళ్లు గుండ్రంగా తిప్పడం, దీపం వైపు రెప్ప వేయకుండా చూడటం, పొద్దున్నే మేడ మీద సూర్యుడి వైపు చూడటం మొదలుపెట్టారు.

మా క్లినిక్‌కు పరీక్షకు వచ్చేసరికి అన్నయ్య చెప్పిన మాట ఇది: "ఉదయం రింగ్ రోడ్డులో బస్సు నంబరు బాగా కనపడుతోంది సార్, సాయంత్రానికి మళ్లీ మసక." చెల్లెలు మాత్రం ఇంట్లో గోడకు అంటించిన చార్టులో రెండు వరుసలు ఎక్కువ చదువుతున్నానని, ఇంకో రెండు నెలలు చేస్తే కళ్లజోడు పూర్తిగా పోతుందని నమ్మకంగా చెప్పింది.

ఈ కేసు రాయడానికి కారణం ఈ పోలికే. ఇంట్లో ఇద్దరు ఒకే పని చేసి ఒకరికి ఫలితం కనపడితే రెండో మనిషి "నేను సరిగ్గా చేయలేదేమో" అనుకుని ఇంకా గట్టిగా చేస్తారు. తేడా శ్రద్ధలో లేదు, కంటి లోపల ఉంది. ఆ తేడాను ఒక గంటలో, రెండేసి చుక్కల మందుతో తేల్చవచ్చు.

మసక రెండు రకాలు

కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అది అవసరానికి మించి పెరిగితే దూరపు వస్తువు బొమ్మ కంటి వెనక తెరలాంటి పొర రెటీనా మీద కాకుండా దానికి ముందే పడుతుంది. ఒక మిల్లీమీటరు పొడవు పెరిగితే సుమారు రెండున్నర డయాప్టర్ల (అద్దాల పవర్‌ను కొలిచే కొలత) మైనస్ పవర్ వస్తుంది. ఇది అసలు మయోపియా. రెండో రకంలో కంటి పొడవు మామూలుగానే ఉంటుంది. కంటి లెన్సును పట్టి ఉంచే సిలియరీ కండరం దగ్గర పనికి బిగుసుకుని, దూరం చూసినప్పుడు కూడా వదలదు. కాలి పిక్క పట్టేసినట్టే. లెన్సు ఉబ్బిపోయి ఉంటుంది కాబట్టి కంప్యూటర్ మెషీన్‌లో కూడా మైనస్ పవరే కనపడుతుంది. దీన్ని దొంగ మయోపియా అనవచ్చు.

అరచేతుల పద్ధతి, సూర్యుడిని చూసే పద్ధతి ఎక్కువగా ప్రచారంలోకి వచ్చింది న్యూయార్క్ కంటి డాక్టరు విలియం బేట్స్ 1920లో వేసిన పుస్తకంతో. కన్ను ఫోకస్ మార్చేది లెన్సుతో కాదు, గుడ్డును బయట నుంచి తిప్పే కండరాలు నొక్కి దాని ఆకారం మార్చడం వల్లే అన్నది ఆయన వాదన. ఆ కండరాలకు విశ్రాంతినిస్తే గుడ్డు మళ్లీ సరవుతుందన్న నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. అంతకు చాలా ముందే, 1855లో, జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్‌జ్ ఫోకస్ పని సిలియరీ కండరం, లెన్సులదేనని వివరించాడు. శుక్లం ఆపరేషన్ అయిన మన పెద్దవాళ్లే దీనికి సాక్ష్యం. వాళ్ల బయటి కండరాలు ఆరూ చెక్కుచెదరవు. సహజ లెన్సు తీసేశారు కాబట్టి దూరానికి సరిపోయే లెన్సు పెట్టినా పేపరు చదవడానికి అద్దాలు కావాలి.

బేట్స్ వివరణ తప్పని తేలినా, విశ్రాంతి వల్ల కొందరికి నిజంగానే మేలు జరగడం అబద్ధం కాదు. ఆ కొందరు ఎవరన్నదే అసలు ప్రశ్న.

అన్న కళ్ల పరీక్ష

అద్దాలు లేకుండా సాయంత్రం ఆరింటికి రెండు కళ్లకూ 6/18, అంటే మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచే చదవగలిగాడు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే కుడి కంటికి 6/12. అసలు మయోపియా ఇలా పది నిమిషాల్లో మారదు. మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది. మెషీన్ రీడింగు మొదటిసారి మైనస్ 2.00, రెండోసారి మైనస్ 1.25. కళ్లజోడు షాపులో మొదటి రీడింగునే పట్టుకుని మైనస్ 1.75 అద్దాలు ఇచ్చారు. మెషీన్‌లోకి తొంగిచూస్తే బొమ్మ దగ్గరగా ఉందని మెదడు అనుకుని కన్ను ఇంకాస్త బిగుస్తుంది. అందుకే పాతికేళ్ల లోపు వాళ్లకు మెషీన్ చీటీ ఒక్కదాన్నే నమ్మి అద్దాలు ఇవ్వకూడదు.

ఆ అద్దాలు మేలు చేయకపోగా బిగుసుకున్న కండరానికి రోజూ ఇంకొంత పని పెట్టాయి. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మానిటర్‌కు మామూలు కన్ను 1.7 డయాప్టర్ల ఫోకస్ పెడితే చాలు. అనవసరపు మైనస్ 1.75 తగిలిస్తే అది దాదాపు 3.4 అవుతుంది. రోజుకు తొమ్మిది గంటలు.

మిగతా పరీక్షలూ అదే వైపు చూపించాయి. 40 సెంటీమీటర్ల దగ్గర చదువుతున్నప్పుడు రెటినోస్కోపీ (కంట్లోకి వెలుగు వేసి ఫోకస్‌ను కొలిచే పరీక్ష) చేస్తే మామూలుగా ప్లస్ 0.25 నుంచి 0.75 వరకు రావాలి. ఇతనికి మైనస్ 0.50 వచ్చింది, అంటే అవసరానికి మించి ఫోకస్ పెడుతున్నాడు. ప్లస్ 2, మైనస్ 2 అద్దాలున్న ఫ్లిప్పర్‌ను తిప్పుతూ ఒక కంటితో చదివిస్తే ఈ వయసులో ప్లస్, మైనస్ కలిపి ఒకసారి అనుకుంటే నిమిషానికి సుమారు 11 సార్లు అక్షరం తేటపడాలి. ఇతనికి మూడుసార్లే. మైనస్ వైపు వెంటనే చదివాడు, ప్లస్ వైపు ఇరుక్కుపోయాడు. బిగుసుకోవడం వచ్చు, వదలడం రావట్లేదు.

ఇంకొకటి కూడా దొరికింది. పెన్ను కొనను ముక్కు దగ్గరకు తెస్తే 12 సెంటీమీటర్ల దగ్గరే రెండుగా కనపడింది. 6 సెంటీమీటర్ల దాకా ఒక్కటిగానే ఉండాలి. దగ్గర చూపులో కళ్లు బయటికి వాలే గుణం 6 ప్రిజం డయాప్టర్లు (ఆ వాలును కొలిచే కొలత). దాన్ని లోపలికి లాగి పట్టుకునే శక్తి 10 మాత్రమే, కనీసం 12 ఉండాలి. లక్షణాల ప్రశ్నావళిలో 60కి 31 వచ్చింది. పెద్దవాళ్లలో 21 లేదా అంతకు మించి వస్తే ఇబ్బంది ఉన్నట్టు లెక్క.

చుక్కల మందు వేసే ముందు మిగతా కారణాలు తోసిపుచ్చాలి. రక్తంలో షుగరు పెరిగితే లెన్సు నీరు పట్టి పవర్ మారుతుంది. తలనొప్పికి, మూర్ఛకు వాడే టోపిరమేట్ లాంటి మందుతో ఉన్నట్టుండి మైనస్ పవర్ రావచ్చు. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా శంకువులా మారే కెరటోకోనస్ మొదట్లో ఇలాగే దోబూచులాడుతుంది. అన్నకు షుగరు 104, మందులేమీ లేవు, కార్నియా మ్యాప్ మామూలుగా ఉంది, కంటి ఒత్తిడి 14, 15. సూర్యుడి వైపు చూశాడు కాబట్టి రెటీనా నడిమధ్యను ప్రత్యేకంగా చూశాం. దెబ్బ లేదు, అది అతని అదృష్టం. సూర్యకాంతి రెటీనాను కాల్చేటప్పుడు నొప్పి తెలియదు, చూపు మధ్యలో మచ్చ తేలాకే తెలుస్తుంది. రెండు సెకన్లయినా సరే, ఉదయపు ఎండైనా సరే, ఆ వ్యాయామాన్ని ఆ రోజే మాన్పించాం.

చుక్కలు చెప్పింది

కంటి డాక్టరు పర్యవేక్షణలో, సిలియరీ కండరాన్ని తాత్కాలికంగా వదిలించే సైక్లోపెంటొలేట్ 1 శాతం ఒక చుక్క, 5 నిమిషాలకు రెండో చుక్క. మన ముదురు గోధుమ రంగు కళ్లలో ఈ మందు పట్టడానికి సమయం తీసుకుంటుంది. తొందరపడి 20 నిమిషాలకే చూస్తే సగం వదిలిన కండరాన్ని కొలిచినట్టే. 40 నిమిషాలకు రెటినోస్కోపీ చేస్తే కుడి కన్ను ప్లస్ 0.25, ఎడమ కన్ను సున్నా. మైనస్ 1.75 అంతా దొంగదే.

ఆ సమయంలో అతని కళ్లు పైకీ కిందికీ పక్కలకీ చక్కగా తిరుగుతున్నాయి. ఫోన్‌లో మెసేజ్ మాత్రం చదవలేకపోయాడు. ఫోకస్ పని బయటి కండరాలది కాదని అతనికి వేరే వివరణ అవసరం పడలేదు.

చెల్లెలికి చుక్కలకు ముందు కుడి కన్ను మైనస్ 3.50, తర్వాత మైనస్ 3.25. ఎడమకు 3.25, 3.00. ఏడాది కిందటి ప్రిస్క్రిప్షన్‌లో ఉన్నవి ఇవే అంకెలు. కంటి పొడవు కుడి 25.3, ఎడమ 25.2 మిల్లీమీటర్లు. బిగుతు వల్ల వచ్చింది పావు డయాప్టరే, మిగిలినదంతా పొడవు వల్ల వచ్చింది. పెరిగిన గుడ్డును ఏ వ్యాయామమూ పొట్టి చేయలేదు.

మరి రెండు వరుసలు ఎక్కువెలా చదివింది? ఆమె అబద్ధం చెప్పలేదు. అక్షరాలు మార్చిన చార్టు పెట్టి, కళ్లు పూర్తిగా తెరిచి చదవమంటే 6/60. ఆమెకు తెలియకుండానే రెప్పలు సగం మూసినప్పుడు 6/24. సందు చిన్నదైతే కెమెరా రంధ్రం చిన్నదైనట్టే, మసక తగ్గుతుంది. దానికి తోడు రోజూ అదే చార్టు చూస్తే అక్షరాలు నోటికొస్తాయి. కొన్ని వారాలు అద్దాలు లేకుండా ఉంటే మసక బొమ్మలోంచి అక్షరాన్ని ఊహించడం మెదడుకు అలవాటవుతుంది. పవర్ మారకుండానే చదివే వరుస మారుతుంది. ఇక వ్యాయామం చేస్తుండగా ఒక్క క్షణం అంతా తళుక్కున తేటపడడం కార్నియా మీది కన్నీటి పొర చేసే పని. అది రెప్ప వేయగానే పోతుంది.

అన్నకు ఇచ్చిన చికిత్స

మొదట, డ్రాయర్‌లో పెట్టిన ఆ అద్దాలు మళ్లీ పెట్టుకోవద్దన్నాం. చూపు రోజంతా 6/9 కన్నా తగ్గకుండా నిలిచే దాకా రాత్రి బైకు వద్దన్నాం. వైట్‌ఫీల్డ్ నుంచి మారతహళ్లికి రాత్రి పది గంటలకు మసక కళ్లతో బండి నడపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఈ విషయంలో ఏ మినహాయింపూ ఇవ్వలేదు.

మానిటర్‌ను 65 సెంటీమీటర్లకు జరిపి, పై అంచును కంటి ఎత్తుకు కాస్త కిందికి దించాం. 20 నిమిషాలకోసారి 20 సెకన్లు కనీసం 6 మీటర్ల దూరం చూడాలి. క్యూబికల్ గోడ దూరం కిందకు రాదు, లేచి కిటికీ దాకా వెళ్లాలి. పడుకుని ఫోన్ చూడటం బంద్, ఎందుకంటే మంచం మీద ఫోన్ 20 సెంటీమీటర్ల లోపలికి వచ్చేస్తుంది.

అరచేతుల పద్ధతిని ఉంచాం, సరిదిద్దాం. మోచేతులు బల్ల మీద ఆనించి, అరచేతులు దొప్పలా చేసి, కనుగుడ్డుకు తగలకుండా 3 నుంచి 5 నిమిషాలు. ఇతను ఇన్నాళ్లూ అరచేతి మడమతో గుడ్డును నొక్కుతున్నాడు. నొక్కితే కార్నియా తాత్కాలికంగా వంగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, కెరటోకోనస్ ఉన్నవాళ్లకు అది మరీ చేటు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పూర్తి చీకట్లో కన్ను దూరానికి వదిలేయదు, సుమారు ఒక మీటరు దూరపు ఫోకస్ దగ్గర ఆగుతుంది. అందుకే అరచేతులు తీయగానే వెంటనే రెండు నిమిషాలు బయట చెట్టు చివరో, ఎదురు అపార్ట్‌మెంటు మీది ట్యాంకో చూడాలి. ఆ రెండు నిమిషాలు లేకపోతే పని సగమే అయినట్టు.

దీపం వైపు రెప్ప వేయకుండా చూడటాన్ని ఆపించాం. అతని కన్నీటి పొర 5 సెకన్లకే చెదురుతోంది, 10 దాటాలి. దీపం చూస్తే కారే నీరు కన్ను ఎండిపోయిందని చెప్పే సంకేతం, లోపలి మలినం బయటికి పోవడం కాదు. కన్నీటికి బదులుగా తడినిచ్చే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు రోజుకు నాలుగుసార్లు, పూర్తిగా రెప్పలు మూసే అలవాటు ఇచ్చాం. ధ్యానంగా చేయాలనుకుంటే కళ్లు మూసుకుని చేసుకోవచ్చని చెప్పాం.

మొదటి రెండు వారాలు ఫోకస్ వదిలించే పని మాత్రమే. హార్ట్ చార్టు అంటే వరుసలుగా అక్షరాలున్న కాగితం, పెద్దది 3 మీటర్ల దూరంలో, చిన్నది చేతిలో 40 సెంటీమీటర్ల దగ్గర. ఒక కన్ను మూసి దూరపు వరుస ఒకటి, దగ్గర వరుస ఒకటి. దూరపు వరుస పూర్తిగా తేటపడ్డాకే కిందికి దిగాలి. కంటికి 5 నిమిషాలు. ఫ్లిప్పర్‌ను ప్లస్ 0.50తో మొదలుపెట్టి వారానికో మెట్టు పెంచాం.

రెండో వారం చివర అతను కంగారుగా వచ్చాడు. దూరం బాగుపడి 6/9కి వచ్చింది కానీ ఫోన్‌లో అక్షరాలు రెండుగా విడిపోతున్నాయి. కొలిస్తే బయటి వాలు 6 నుంచి 10కి పెరిగింది. ఈ కేసులో అన్నిటికన్నా నేర్చుకోదగ్గది ఇదే. ఫోకస్ పెడితే కళ్లు దానితోపాటు కొంత లోపలికి తిరుగుతాయి. ఇతని కళ్లకు దగ్గరకు కలిసే శక్తి తక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికే శరీరం ఎక్కువ ఫోకస్ అప్పు తెచ్చుకుంటోంది, ఆ అప్పే కండరం బిగుతు. బిగుతును మాత్రమే వదిలించేసరికి లోటు బయటపడింది. విశ్రాంతి వ్యాయామాలతో ఉదయం తేటపడి సాయంత్రానికి మళ్లీ మసకబారడానికి కారణం కూడా ఇదే. రెండు నెలల వీడియోలు ఈ రెండో సగాన్ని ముట్టుకోలేదు. దగ్గర పనికి ప్లస్ అద్దాలు ఇవ్వకపోవడానికీ కారణం ఇదే, ఇస్తే వాలు ఇంకా పెరిగేది.

మూడో వారం నుంచి కళ్లను కలిపే సాధన చేర్చాం. బ్రాక్ స్ట్రింగ్ అంటే 3 మీటర్ల తాడు, మూడు రంగుల పూసలు. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస ముక్కు కొనకు ఆనించాలి. పూసలు 40 సెంటీమీటర్లు, 1 మీటరు, 2.5 మీటర్ల దగ్గర. చూస్తున్న పూస ఒక్కటిగా, తాడు రెండుగా కనపడి సరిగ్గా ఆ పూస దగ్గరే దాటుకోవాలి. పూస వెనక దాటితే కళ్లు తక్కువ కలిశాయి, ముందే దాటితే ఎక్కువ కలిశాయి. తాడు ఒక్కటే కనపడితే మెదడు ఒక కంటిని ఆపేసింది. ఒక్కో పూస మీద 10 సెకన్లు, దగ్గర నుంచి దూరానికి, మళ్లీ వెనక్కి, మొత్తం 5 నిమిషాలు. దగ్గరి పూసను నెమ్మదిగా 10 సెంటీమీటర్ల దాకా తెచ్చాం. క్లినిక్‌లో వారానికో గంట, ఇంట్లో వారానికి ఐదు రోజులు 15 నిమిషాలు.

పెన్ను ముక్కు దగ్గరకు తెచ్చే వ్యాయామం ఒక్కటి చాలదా అని అందరూ అడుగుతారు. 2008లో వెలువడిన అమెరికా పరిశోధనలో 9 నుంచి 17 ఏళ్ల 221 మంది పిల్లలకు 12 వారాలు రకరకాల చికిత్సలు ఇచ్చి చూశారు. క్లినిక్‌లో చేయించిన సాధన, ఇంటి పనితో కలిపి, 73 శాతం మందికి పనిచేసింది. ఇంట్లో పెన్సిల్ వ్యాయామం 43 శాతానికి, ఉత్తుత్తి చికిత్స 35 శాతానికి. అది పిల్లల మీద, కళ్లు కలవని సమస్య మీద జరిగింది. మయోపియా మీద కాదని గుర్తుంచుకోవాలి.

ఐదో వారంలో తలనొప్పి తిరిగొచ్చింది. అడిగితే త్వరగా తగ్గాలని రోజుకు 45 నిమిషాలు, అందులోనూ పెన్నును ముక్కు దగ్గరకు వందసార్లు తెస్తున్నానన్నాడు. కళ్లు కలపకుండా ఫోకస్ బిగించి అక్షరాన్ని ఒక్కటిగా నిలపడం నేర్చుకున్నాడు, అంటే పాత రోగాన్నే సాధన చేశాడు. సమయాన్ని 15 నిమిషాలకు కోసేసి, ప్రతి విడతా దూరపు చూపుతో ముగించాలన్న నియమం పెట్టాం. వారంలో సర్దుకుంది. తర్వాత సంక్రాంతికి ఊరెళ్లి తొమ్మిది రోజులు తాడు ముట్టుకోలేదు. విచిత్రంగా చూపు ఇంకా బాగుపడి వచ్చింది, ఎందుకంటే ఆ తొమ్మిది రోజులూ మానిటరూ ముట్టుకోలేదు.

నాలుగో వారానికి పెన్ను విడిపోయే దూరం 9 సెంటీమీటర్లు. ఎనిమిదో వారానికి 6, సాయంత్రం చూపు 6/6. రాత్రి బైకుకు అప్పుడు ఒప్పుకున్నాం. పన్నెండో వారానికి 5 సెంటీమీటర్లు, కలిపి పట్టుకునే శక్తి 24, ఫ్లిప్పర్ 11 సార్లు, ప్రశ్నావళి 14, చుక్కలు లేకుండానే రెటినోస్కోపీ సున్నా. ఆరు నెలలకు ఆఫీసులో ఒక సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఒత్తిడిలో మళ్లీ 8 సెంటీమీటర్లకు జారింది. వారానికి మూడు రోజులు, 10 నిమిషాల తాడు సాధన తిరిగి పెట్టాం.

ఇలాంటి వ్యాయామాలు ఎవరు సొంతంగా మొదలుపెట్టకూడదో ఇక్కడే చెప్పాలి. మసక ఒక్క కంటికే ఉన్నవాళ్లు, దూరం రెండుగా కనపడేవాళ్లు, మెరుపులో నల్లచుక్కలో కొత్తగా కనపడేవాళ్లు, తలనొప్పితో వాంతులున్నవాళ్లు ముందు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. నలభై దాటాక దగ్గర అక్షరాలు మసకబారడం లెన్సు గట్టిపడటం వల్ల, దానికి ఏ సాధనా లేదు. చిన్నపిల్లలకు అద్దాలు మాన్పించడం, కావాలని తక్కువ పవర్ ఇవ్వడం మయోపియా పెరుగుదలను ఆపవు. వాళ్లకు రోజుకు రెండు గంటలు ఆరుబయట వెలుతురులో గడపడం మేలు.

చెల్లెలు

ఆమెకు సాధన ఏదీ రాయలేదు. "అన్నకు పోయింది కదా, నాకెందుకు పోదు?" అని కళ్లనీళ్లతో అడిగింది. ఇద్దరి కంటి పొడవు అంకెలను పక్కపక్కన పెట్టి చూపించాం. అన్నవి 23.6, 23.5. ఆమెవి 25.3, 25.2. ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, దాన్ని ఫోటో తీసుకుంది. మైనస్ 3.25, 3.00 అద్దాలు కొత్తగా వేయించాం. కళ్లజోడు ఇష్టం లేదంది కాబట్టి కాంటాక్ట్ లెన్సుల గురించీ, పవర్ నిలకడగా ఉందని రెండేళ్లు రుజువయ్యాక లేజర్‌కు పనికొస్తుందో లేదో చూసే పరీక్షల గురించీ విడిగా ఒక రోజు కూర్చుని మాట్లాడాం. పొడవు పెరిగిన కంటిలో రెటీనా అంచులు పలచబడతాయి కాబట్టి ఏడాదికోసారి చుక్కలు వేసి రెటీనా చూపించుకోవాలి.

ఏడాది తర్వాత వచ్చింది. పవర్ మారలేదు, పొడవు కుడి 25.3 దగ్గరే ఉంది, రెటీనా అంచులు బాగున్నాయి. కాలేజీలో కళ్లజోడు, పెళ్లిళ్లకు లెన్సులు. రాత్రి చదువు అయ్యాక ఐదు నిమిషాలు అరచేతులతో కళ్లు మూసుకుంటూనే ఉంది, నొక్కకుండా. నుదురు బరువు తగ్గుతోందని చెప్పింది. కొనసాగించమన్నాం.